ఫోన్ బాగానే ఉంది, మోగట్లేదంతే

పోయిన ఏడాది వానాకాలంలో మా ఆఫీసుకి ఒక ఫిర్యాదు వచ్చింది. "మా ఫోన్ పగలు మోగుతోంది. రాత్రి మోగట్లేదు." అంతే, రెండే వాక్యాలు. పంపింది ఓ చిన్న ఊళ్లోని కాన్పుల ఆస్పత్రి.

నేను చేసేది ఇంటర్నెట్ టెలిఫోనీ పని. ఆస్పత్రుల్లో, స్కూళ్లలో, చిన్న చిన్న ఆఫీసుల్లో టేబుల్ మీద ఫోన్లు ఉంటాయి కదా. చాలాచోట్ల ఇప్పుడు వాటి వెనక పాత టెలిఫోన్ తీగ ఉండదు, ఇంటర్నెట్ కేబుల్ ఉంటుంది. ఆ కాల్స్‌ని అటూ ఇటూ చేరవేసే సర్వర్లు చూసుకోవడం మా టీమ్ పని.

ఫిర్యాదు చదవగానే నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది. ఫోన్‌కి పగలేంటి, రాత్రేంటి? వెంటనే ఆ నంబర్‌కి కాల్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. "మోగుతోంది కదండీ" అన్నాను. "ఇప్పుడు మోగుతోంది సార్" అంది అటువైపు అమ్మాయి. 'పరీక్షించాం, పనిచేస్తోంది' అని రాసి టికెట్ మూసేశాను. వారం తర్వాత మళ్లీ అదే ఫిర్యాదు. "ఒకసారి ఫోన్ ఆపి ఆన్ చెయ్యండి" అన్నాను. చేశారు. కాల్ చేశాను, మోగింది. మళ్లీ మూసేశాను.

మూడోసారి ఫిర్యాదు రాలేదు. ఆ ఆస్పత్రి హెడ్ నర్సు తన సొంత మొబైల్ నుంచి ఫోన్ చేశారు.

"బాబూ, నిన్న రాత్రి రెండు దాటాక ఒకాయన మూడుసార్లు చేశాడంట. భార్యకి నొప్పులు. మా ఫోన్ మోగలేదు. ఎవరూ ఎత్తట్లేదని ఆటోలో తీసుకొచ్చేశాడు. అప్పుడు డాక్టరమ్మని ఇంటి నుంచి పిలిపించేసరికి ముప్పావు గంట. ముందే తెలిస్తే వాళ్లు వచ్చేలోపే ఆవిడా ఉండేది. తల్లీబిడ్డా క్షేమమే, ఆ దేవుడి దయ. కానీ ఇంకోసారి కూడా ఇట్లాగే క్షేమంగా ఉంటుందని నువ్వు చెప్పగలవా?"

ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు. చెప్పలేకపోయాను.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఇంటర్నెట్ ఫోన్ ఎలా మోగుతుందో చెప్పాలి. కంగారు పడకండి, ఇందులో లెక్కలేం లేవు. హాస్టల్లో ఉన్నవాళ్లకైతే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.

నేను ఇంటర్ చదివింది విజయవాడ శివార్లలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో. సెల్ ఫోన్లు నిషేధం. ఇంటి నుంచి ఏదైనా అర్జెంటయితే ఆఫీసు నంబర్‌కి చెయ్యాలి. వార్డెన్ సార్ దగ్గర ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. ఎవరు ఏ బ్లాకు, ఏ రూము అన్నీ అందులో. ఫోన్ రాగానే ఆయన పుస్తకం తిరగేసి, "సి బ్లాక్, 304" అని అటెండర్‌కి చెప్పేవాడు. అటెండర్ మెట్లెక్కి తలుపు కొట్టి, "నీకు ఫోనొచ్చింది, రా" అని పిలిచేవాడు. మాట్లాడేది మనమూ ఇంట్లోవాళ్లూ. వార్డెన్ గానీ అటెండర్ గానీ మధ్యలో మాట్లాడరు.

ఇంటర్నెట్ టెలిఫోనీ అంతా ఈ పుస్తకం, ఈ అటెండరే.

పాత ల్యాండ్‌లైన్‌కి ఈ బాధ లేదు. తీగ ఎక్కడిదాకా వెళ్తే అదే అడ్రసు. ఇంటర్నెట్‌లో అలా కాదు. నంబర్ ఒక్కటే ఉంటుంది గానీ, ఫోన్‌కి దొరికే ఐపీ అడ్రసు మారుతూ ఉంటుంది. కరెంటు పోయి వస్తే మారొచ్చు, వైఫై మారితే మారుతుంది. అందుకే ఫోన్ తనంతట తనే సర్వర్‌కి చెప్పుకోవాలి: "ఈ నంబర్ నాదే, ప్రస్తుతానికి నేను ఇక్కడున్నాను" అని. దీన్నే రిజిస్ట్రేషన్ అంటారు. ఆ సమాచారం తీసుకుని పుస్తకంలో రాసుకునే సర్వర్ రిజిస్ట్రార్. ఆ పుస్తకం చూసి కాల్‌ని సరైన గడపకి చేర్చే సర్వర్ ప్రాక్సీ. చాలాచోట్ల రెండూ ఒకే మెషీన్‌లో, ఒకే ప్రోగ్రామ్‌లో ఉంటాయి. కానీ పనులు వేరు. ఒకటి రాస్తుంది, ఒకటి చదువుతుంది.

వీటన్నిటి మధ్య నడిచే భాష పేరు సిప్, అంటే సెషన్ ఇనీషియేషన్ ప్రోటోకాల్. మొదటిసారి 1999లో ప్రమాణంగా వచ్చింది, 2002 జూన్‌లో తిరగరాశారు. ఇప్పటికీ దానిమీదే నడుస్తోంది. రాసినవాళ్లలో కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ హెన్నింగ్ షుల్జ్‌రిన్ ఒకరు. ఇదేదో ఆఫీసు ఫోన్ల గొడవ అనుకోకండి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పటి నుంచి మనం రోజూ వింటున్న వోల్టీ కాల్స్ కూడా ఈ సిప్ మీదే నడుస్తాయి. మీ ఫోన్ ఆన్ కాగానే, మీకు తెలియకుండానే వెళ్లి మీ కంపెనీ సర్వర్ పుస్తకంలో పేరు రాయించుకుంటుంది.

పేరు రాయించుకోవడం కూడా అంత తేలిక కాదు. ఎవడో వచ్చి "నేనే ఆస్పత్రి ఫోన్‌ని" అంటే రాసేసుకుంటే కొంప మునుగుతుంది, కాల్స్ అన్నీ వాడికే పోతాయి. అందుకే ఫోన్ మొదటిసారి అడగ్గానే సర్వర్ సాధారణంగా కాదంటుంది. 401 అనే జవాబు, దాంతోపాటు అప్పటికప్పుడు పుట్టించిన ఒక గజిబిజి సంకేతం పంపుతుంది. ఫోన్ ఆ సంకేతాన్నీ తన పాస్‌వర్డ్‌నీ కలిపి దంచి, ఆ పొడిని మాత్రమే పంపుతుంది. సర్వర్ కూడా తన దగ్గరున్న వివరాలతో అలాగే దంచి చూసుకుంటుంది. రెండూ ఒకటైతే 200 ఓకే. దారిలో ఎవరైనా ఆ పొడిని చూసినా పాస్‌వర్డ్ నేరుగా కనిపించదు. కారం పొడి చూసి మిరపకాయని మళ్లీ తయారు చెయ్యలేం కదా, అలా అన్నమాట.

ఇంకో ముఖ్యమైన సంగతి. పుస్తకంలో రాసింది శాశ్వతం కాదు, గడువు ఉంటుంది. చాలా చోట్ల 3600 సెకన్లు, అంటే గంట. గడువు లోపల ఫోన్ మళ్లీ వచ్చి "ఇక్కడే ఉన్నా" అని చెప్పకపోతే ఆ లైను కొట్టేస్తారు. ఒక నంబర్ మీద రెండు మూడు ఫోన్లు కూడా రాయించుకోవచ్చు. అప్పుడు ప్రాక్సీ అన్నిటినీ ఒకేసారి మోగించగలదు. ఒకరు ఎత్తగానే మిగతావాటికి "చాలు, ఆపండి" అని కబురు పంపుతుంది.

ఇక కాల్ వచ్చినప్పుడు ప్రాక్సీకి ఇన్వైట్ అనే సందేశం అందుతుంది, పెళ్లి పిలుపులాగా. ప్రాక్సీ వెంటనే "ప్రయత్నిస్తున్నా" అని 100 జవాబిచ్చి, పుస్తకం చూసి, ఆ అడ్రసుకి ఇన్వైట్ పంపుతుంది. పంపేముందు దానిమీద తన పేరు కూడా రాస్తుంది, జవాబు అదే దారిలో వెనక్కి రావడానికి. అవతలి ఫోన్ మోగడం మొదలైతే 180, ఎత్తితే 200. ఆ తర్వాత గొంతులు వేరే దారిలో వెళ్తాయి. ప్రాక్సీ పని పిలవడం వరకే, మాటలు మొయ్యడం దాని పని కాదు.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇంటర్వ్యూల్లో చెప్పాను, కొత్తగా చేరిన పిల్లలకి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను. అయినా ఆ ఆస్పత్రి ఫోన్ రాత్రి ఎందుకు మోగట్లేదో నాకు తెలియలేదు.

ఆ రోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయాక లాగ్స్ తెరిచాను. ఆస్పత్రి ఫోన్ రాత్రి 1:20కి వచ్చి పేరు రాయించుకుంది. 200 ఓకే. 2:05కి మొదటి కాల్ వచ్చింది. మా ప్రాక్సీ పుస్తకం చూసింది, పేరు ఉంది, అడ్రసు ఉంది. ఇన్వైట్ పంపింది. జవాబు లేదు. అర సెకను ఆగి మళ్లీ పంపింది. తర్వాత ఒక సెకను ఆగి, రెండు సెకన్లు ఆగి, నాలుగు, ఎనిమిది, పదహారు. సిప్ నియమం అదే, జవాబు రాకపోతే ప్రతిసారీ రెట్టింపు సేపు ఆగి మళ్లీ తలుపు కొట్టాలి. మొత్తం 32 సెకన్లు. ఆ లోపల ఏడుసార్లు కొడుతుంది. తర్వాత వదిలేస్తుంది.

ఆయన మొదటి రెండు కాల్స్ మధ్యలోనే కట్ చేసేశాడు. 180 రాలేదు కాబట్టి ఆయనకి రింగ్ కూడా వినపడి ఉండదు, నిశ్శబ్దం తప్ప. మూడోసారి మాత్రం 32 సెకన్లూ ఆగాడు. ఆ లైన్లు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పక్కన నొప్పులు పడుతున్న భార్య, చెవి దగ్గర ఏ శబ్దమూ రాని ఫోన్. ఆ 32 సెకన్లు ఆయనకి ఎంతసేపు అనిపించి ఉంటాయో.

పుస్తకంలో పేరు ఉంది. మరి తలుపు ఎందుకు తెరుచుకోలేదు?

సంగతేంటంటే, ఆస్పత్రి ఫోన్ నేరుగా ఇంటర్నెట్ మీద ఉండదు. మధ్యలో రౌటర్ ఉంటుంది, మన ఇళ్లలో ఉన్నట్టే. లోపలి ఫోన్లకి 192.168తో మొదలయ్యే ఇంటి అడ్రసులుంటాయి. బయటి ప్రపంచానికి కనపడేది రౌటర్ అడ్రసొక్కటే. లోపలి నుంచి ఫోన్ ఏదైనా పంపితే రౌటర్ ఒక చీటీ రాసుకుంటుంది: "ఈ గుమ్మం దగ్గరికి జవాబు వస్తే లోపల ఫలానా ఫోన్‌కి ఇవ్వాలి" అని. కాసేపు ఆ దారిలో ఏ రాకపోకలూ లేకపోతే ఆ చీటీ చింపేస్తుంది. కొన్ని రౌటర్లు అర నిమిషానికే చింపేస్తాయి, కొన్ని కొన్ని నిమిషాలు ఉంచుతాయి. చింపేశాక బయటి నుంచి ఏదొచ్చినా ఎవరికివ్వాలో తెలియక పారేస్తుంది. "లేరు" అని కూడా చెప్పదు.

ఆస్పత్రి రౌటర్ చీటీని రెండు నిమిషాల లోపే చింపేస్తోంది. మా పుస్తకంలో పేరు మాత్రం గంటసేపు ఉంటోంది. అంటే ప్రతి గంటలో రెండు నిమిషాలు తప్ప మిగతా సమయమంతా ఆ ఫోన్ పుస్తకంలో ఉంది, ఊళ్లో లేదు. ఫోన్ స్క్రీన్ మీద 'రిజిస్టర్డ్' అనే వెలుగుతోంది పాపం. దానికీ తెలియదు.

పగలు ఎందుకు మోగుతోందో కూడా అప్పుడే అర్థమైంది. పగలు రిసెప్షన్ నుంచి ఎడతెరిపి లేకుండా ల్యాబ్‌కి, మందుల షాపుకి, పేషెంట్లకి ఫోన్లు వెళ్తూనే ఉంటాయి. వెళ్లిన ప్రతిసారీ రౌటర్ చీటీ కొత్తదవుతుంది. పగలు కూడా కొన్ని కాల్స్ పోయే ఉంటాయి, కానీ చేసినవాళ్లు మళ్లీ చేసి ఉంటారు. రాత్రి ఎవరూ బయటికి ఫోన్ చెయ్యరు. చీటీ చిరిగిపోతుంది. ఇక "ఆపి ఆన్ చెయ్యండి" అని నేనిచ్చిన సలహా ఉంది చూశారూ, ఆన్ చెయ్యగానే ఫోన్ కొత్తగా పేరు రాయించుకుంటుంది, కొత్త చీటీ పుడుతుంది, ఆ రెండు నిమిషాల్లోనే నేను కాల్ చేస్తాను. మోగక ఏం చేస్తుంది? నా పరీక్షే జబ్బుని దాచేసింది.

ఇలాంటిది జరక్కుండా ఒక పాత ఉపాయం ఉంది. సర్వర్ గానీ ఫోన్ గానీ 25 సెకన్లకోసారి ఒక చిన్న పలకరింపు పంపుతుంది. "ఉన్నావా?" "ఉన్నా." అంతే. ఆ పలకరింపు వల్ల చీటీ చిరగదు. మా పాత సర్వర్‌లో అది ఉండేది. ఎండాకాలంలో కొత్త సర్వర్‌కి మార్చాం. సెట్టింగులు మార్చింది నేనే. ఆ ఒక్క లైను చూసి, "ఇన్ని వేల ఫోన్లకి 25 సెకన్లకోసారి ఈ గోల ఎందుకు, లోడ్ తప్ప" అనుకుని నేనే తీసేశాను. ఎవరినీ అడగలేదు. అది ఎందుకుందో ఆలోచించలేదు. మిగతా క్లయింట్లలో చాలామంది రౌటర్లు మంచివో, వాళ్ల ఫోన్లే పలకరింపు పంపుకుంటున్నాయో, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. తర్వాత వెతికితే ఇంకో నలుగురి దగ్గర ఇదే జబ్బు కనపడింది. వాళ్లకి రాత్రిపూట ఫోన్లు రావు కాబట్టి తెలియలేదు.

ఆ లైను తిరిగి పెట్టడానికి నిమిషం పట్టలేదు. మేనేజర్‌కి నా తప్పేనని మెయిల్ రాయడానికి గంట పట్టింది. నర్సు గారికి ఫోన్ చేసి చెప్పడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. "పొరపాటు మాదే మేడమ్, నాదే" అన్నాను. "సర్లే బాబూ, దొరికింది కదా" అన్నారావిడ.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు ఈ కథంతా చెప్పాను. నాన్నకి సర్వర్లు, రౌటర్లు తెలియవు, కానీ ఓపిగ్గా వింటాడు. అంతా విని కాసేపాగి అన్నాడు: "అయితే మీ వార్డెన్ పుస్తకంలాంటిదేరా ఇది."

నేను ఏం మాట్లాడలేకపోయాను. ఇన్నేళ్లుగా అందరికీ ఆ పుస్తకం పోలికే చెప్తూ, దాని గురించిన అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా కాలేజీలో పరీక్షల మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేవాళ్లు. సెక్షన్ మారితే బ్లాకు మారేది, రూము మారేది. పెట్టె, పరుపు నెత్తిన పెట్టుకుని రాత్రికి రాత్రి మారిపోయేవాళ్లం. సెకండియర్లో ఒకసారి అలా సి బ్లాక్ నుంచి ఎ బ్లాక్‌కి మారాను. పుస్తకంలో మార్చాల్సినవాళ్లు మార్చలేదు. నేనూ వెళ్లి అడగలేదు. మూడో రోజు రాత్రి నాన్న ఆఫీసుకి ఫోన్ చేశాడు. నాయనమ్మకి బాలేదు, నాతో మాట్లాడాలంటోంది. వార్డెన్ పుస్తకం చూశాడు, అటెండర్ సి బ్లాక్ మెట్లెక్కాడు, 304 తలుపు కొట్టాడు. అక్కడ ఇప్పుడు వేరేవాళ్లు. "అలాంటివాడు ఇక్కడ లేడు" అన్నారు. అదే మాట కిందికొచ్చి చెప్పాడు. నాన్న అరగంటాగి మళ్లీ చేశాడు. మళ్లీ అదే. అప్పుడు నేను పక్క బ్లాకులో, వంద అడుగుల దూరంలో ఫిజిక్స్ చదువుకుంటున్నాను.

తెల్లారి బాబాయ్ నన్ను తీసుకెళ్లడానికి బస్సులో వచ్చాడు. మేం ఇల్లు చేరేసరికి వాకిట్లో చెప్పులు ఎక్కువగా కనపడ్డాయి. అప్పుడే అర్థమైంది.

నాన్న ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనలేదు. వార్డెన్‌నీ అనలేదు, నన్నూ అనలేదు. ఆ ఆదివారం మాత్రం, "లేడన్నారు. ఉన్నావని నాకు తెలుసు" అన్నాడు, అంతే.

సిప్‌లో 'లేడు' అనడానికి ఒకటి కాదు, కొన్ని జవాబులున్నాయి. 404 అంటే అసలు అలాంటివాడే లేడని. 480 అంటే ఉన్నాడు, ప్రస్తుతానికి దొరకట్లేదని. 408 అంటే పిలిచాం, గడువులోగా పలకలేదని. మొదట చదివినప్పుడు ఇన్నెందుకు అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా ఏది పంపినా ఒకటే కదా అంటే ఒప్పుకోను. ఫోన్ చేసినవాడు మళ్లీ ప్రయత్నించాలా, ఇంకో దారి చూసుకోవాలా అన్నది ఆ జవాబు మీదే ఉంటుంది.

మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. మీ ఫోన్ నుంచి కాల్స్ వెళ్తున్నాయి గానీ, మీకు చేసినవాళ్లకి మీరు దొరకట్లేదంటే, సిగ్నల్ ఉంది కదా అని ఊరుకోకండి. పుస్తకంలో మీ లైను పాతబడి ఉండొచ్చు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీస్తే ఫోన్ కొత్తగా పేరు రాయించుకుంటుంది. ఇక కాలింగ్ యాప్స్ అయితే, బ్యాటరీ కోసం ఫోన్ వాటిని నిద్రపుచ్చుతుంది. అప్పుడు సర్వర్ ముందు పుష్ నోటిఫికేషన్ పంపి యాప్‌ని లేపుతుంది, అది లేచి మళ్లీ నమోదయ్యాక కాల్ అందిస్తుంది. సిప్ యాప్స్ కోసం 2019లో దీనికీ ఒక ప్రమాణం రాశారు. అందుకే నోటిఫికేషన్లు, బ్యాక్‌గ్రౌండ్ అనుమతి ఆపేసిన యాప్‌కి కాల్ రాకపోతే దాని తప్పు కాదు. అలా బాగుపడి, మళ్లీ మళ్లీ పాడవుతోందంటే మాత్రం ఫిర్యాదు చెయ్యండి. ఏ టైములో మోగలేదో కూడా రాయండి. చదివేవాడు నాలాంటివాడైతే ఇంకోసారి చెయ్యండి.

ఆ లైను తిరిగి పెట్టిన రాత్రి నేను నిద్రపోలేదు. ఎవరూ ఆ ఫోన్ ముట్టుకోని సమయం కావాలి. రెండూ పదికి ఆస్పత్రి నంబర్‌కి చేశాను. లాగ్‌లో ఇన్వైట్ వెళ్లింది. ఒక్కసారే వెళ్లింది. 180 వచ్చింది. చెవిలో రింగ్ మొదలైంది. నాలుగో రింగుకి ఎత్తారు.

"హలో, ఆస్పత్రి నుంచి. చెప్పండి, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?"

నిద్ర గొంతు, అయినా మొదటి ప్రశ్నే అది. "కాదండీ, ఫోన్ కంపెనీ నుంచి. మోగుతోందో లేదో చూద్దామని" అన్నాను.

"ఈ టైములోనా?" అంది ఆ అమ్మాయి. తర్వాత ఆవలిస్తూ, "మోగింది సార్" అంది.

ఈసారి టికెట్ అప్పుడే మూయలేదు. ఇంకో వారం రోజులు, రోజూ రాత్రి రెండింటికి చేశాను.